ముంచి రాసే కలంతో మొదలుపెట్టేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

పాళీని సిరాలో ముంచి రాసే కలం కొన్నవాళ్లలో చాలామంది మొదటి వారంలోనే దాన్ని పక్కన పెట్టేస్తారు. "నా చేతికి ఇది రాదు" అని తేల్చేసుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఆరు నెలల పాటు దాన్ని డబ్బాలోంచి తీయలేదు. తప్పు నా చేతిది కాదనీ, కొత్త పాళీకి ఉన్న నూనె పూతదనీ తర్వాత తెలిసింది. కొత్తవాళ్లకి ఎదురయ్యే ఇబ్బందుల్లో సగానికి పైగా ఇలాంటివే. పాళీలోనో, సిరాలోనో, కాగితంలోనో కారణం ఉంటుంది, నింద మాత్రం చేతి మీద పడుతుంది. ఈ సమాధానాలు ఆ దృష్టితో రాసినవి.

ఫౌంటెన్ పెన్నుకీ దీనికీ తేడా ఏమిటి?

ఫౌంటెన్ పెన్ను తన కడుపులో సిరా దాచుకుంటుంది. పాళీ కింద ఉండే ఫీడ్ ఆ సిరాని కొద్దికొద్దిగా వదులుతుంది. ముంచి రాసే కలానికి లోపల ఏమీ ఉండదు. ఒక పిడి, దాని చివర దూర్చిన ఉక్కు పాళీ, అంతే. ముంచినప్పుడు పాళీ వంపులో ఒక బొట్టు నిలుస్తుంది. మొనని రెండు పాయలుగా చీల్చిన సన్నటి చీలిక గుండా అది కాగితం మీదికి దిగుతుంది. దీపం ఒత్తి నూనెని లాక్కున్నట్టే చీలిక సిరాని లాక్కుంటుంది.

లోపల మూసుకుపోయే సన్న దారులేవీ లేవు కాబట్టి చిక్కటి సిరాలు, రంగులు, బంగారు పొడి కలిపినవి కూడా దీనితో రాయొచ్చు. ఇంకో తేడా మొనలో ఉంది. ఫౌంటెన్ పెన్ను పాళీ చివర అరగకుండా గట్టి లోహపు గుండు అతికిస్తారు. దీనికి అది ఉండదు, ఉత్త ఉక్కే. అందుకే వెంట్రుకంత సన్నగా రాస్తుంది, ఒత్తితే విచ్చుకుంటుంది. త్వరగా అరిగిపోయేది కూడా అందుకే.

మొదట ఏమేం కొనాలి?

ఒక పిడి, ఒకే రకం పాళీలు మూడో నాలుగో, ఒక నల్ల సిరా, సిరా పాకని కాగితం, ఒక పాత నూలు గుడ్డ, ఒక గ్లాసులో నీళ్లు. ఇంతకు మించి ఏదీ మొదటి నెలలో అక్కర్లేదు.

పది రకాల పాళీలు, ఆరు రంగుల సిరాలు ఉన్న పెద్ద సెట్లు చూడ్డానికి బాగుంటాయి. కానీ అవి కొత్తవాళ్లకి మంచి కన్నా చెడే ఎక్కువ చేస్తాయని నా గట్టి అభిప్రాయం. రాత సరిగా రానప్పుడు పాళీ మారుస్తారు, సిరా మారుస్తారు, మళ్లీ పాళీ మారుస్తారు. చివరికి ఏది ఎందువల్ల జరిగిందో తెలియకుండా పోతుంది. ఒకే రకం పాళీ మూడు నాలుగు ఎందుకంటే, ఒకటి పాడైనా తడుముకోనక్కర్లేదు. పైగా అరిగినదానికీ కొత్తదానికీ తేడా పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

సూదిమొన పాళీ, పలకమొన పాళీ అంటారు. ఏది ముందు?

సూదిమొన పాళీ చివర సన్నగా ఉంటుంది. కిందికి లాగుతూ ఒత్తితే రెండు పాయలూ విడివడి గీత లావవుతుంది, ఒత్తిడి తీసేస్తే మళ్లీ సన్నబడుతుంది. కాపర్‌ప్లేట్, స్పెన్సేరియన్ లాంటి వాలు రాతలు దీనితోనే రాస్తారు. బొమ్మలకీ ఇదే వాడతారు. పలకమొన పాళీ చివర ఉలిలా సూటిగా కోసినట్టు ఉంటుంది. ఇక్కడ ఒత్తిడితో పని లేదు. పాళీ అంచుని ఒకే కోణంలో పట్టుకుంటే, గీత దిశ మారినప్పుడల్లా మందం దానంతట అదే మారుతుంది. ఇటాలిక్, ఫౌండేషనల్, గోథిక్ రాతలు దీనివి.

మీకు ఏ రాత చూస్తే మనసు లాగిందో దాన్ని బట్టే ఎంచుకోండి. తేల్చుకోలేకపోతున్నారా? పలకమొనతో మొదలుపెట్టమంటాను. ఒత్తిడి గురించి ఆలోచించాల్సిన పని లేదు కాబట్టి మొదటి రోజే చూడదగ్గ అక్షరం పడుతుంది. ఫౌండేషనల్ రాతకి పాళీ అంచుని అడుగు గీతతో సుమారు 30 డిగ్రీల కోణంలో, ఇటాలిక్‌కి 45 డిగ్రీల కోణంలో పట్టుకుంటారు. అక్షరం ఎత్తుని పాళీ వెడల్పుతోనే కొలుస్తారు. ఫౌండేషనల్‌కి నాలుగు వెడల్పులు, ఇటాలిక్‌కి ఐదు.

సూదిమొనల్లో ఏ పాళీతో మొదలుపెట్టాలి?

నికో జి. జపాన్‌లో కామిక్ బొమ్మల కళాకారులు వాడే రకం ఇది. కొంచెం గట్టిగా ఉంటుంది, అనవసరంగా ఒత్తినా ఓర్చుకుంటుంది, పైకి లాగేటప్పుడు కాగితంలో సులువుగా దిగబడదు. జీబ్రా జి దాని కన్నా కాస్త మెత్తన. దానిలో టైటానియం పూత వేసిన రకం తుప్పుని బాగా తట్టుకుంటుంది.

చేయి కుదిరాక మెత్తటి పాళీలు చూడొచ్చు. లియోనార్ట్ ప్రిన్సిపల్ గీసే సన్న గీత అద్భుతంగా ఉంటుంది. హంట్ 101, జిలాట్ 303 చిన్న ఒత్తిడికే విచ్చుకుంటాయి, పొరపాటు చేస్తే అంతే త్వరగా కాగితాన్ని గీరేస్తాయి. జిలాట్ 404 వీటి కన్నా గట్టిది. బ్రౌజ 361 నీలం రంగులో పెద్దగా ఉంటుంది, సిరా బాగా పట్టుకుంటుంది, మెత్తన. "ఎంత విచ్చుకుంటే అంత మంచి పాళీ" అన్న మాట నమ్మి 303తో మొదలుపెట్టినవాళ్లు కాగితం చింపుకుని నిరాశపడటం చాలాసార్లు చూశాను. వీణ నేర్చుకునేవాళ్లు మొదటి రోజే గమకాలకి పోరు కదా.

పలకమొనల్లో మిచెల్ రౌండ్ హ్యాండ్, స్పీడ్‌బాల్ సి వరస, బ్రౌజ బాండ్‌జుగ్ మంచివి. మిచెల్ అంకెలు తిరగేసి ఉంటాయి, 0 అన్నిటికన్నా వెడల్పు, 6 అన్నిటికన్నా సన్నం. మొదట్లో వెడల్పుదే తీసుకోండి. పెద్ద అక్షరంలో తప్పు కళ్లకి కనబడుతుంది, చిన్న అక్షరంలో దాక్కుంటుంది.

కొత్త పాళీ ముంచితే సిరా ముత్యాల్లా జారిపోతోంది. పాళీ లోపమా?

లోపం కాదు. ఆరు నెలలు నన్ను ఆపేసింది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పాళీలు పలచటి ఉక్కుతో చేస్తారు. గాలి తగిలితే తుప్పు పడుతుందని తయారీలోనే పైన నూనె గానీ, లక్క లాంటి పూత గానీ వేస్తారు. సిరాలో ఎక్కువ భాగం నీళ్లే. నూనె మీద నీళ్లు నిలవవు. ముంచి తీయగానే సిరా బొట్లు బొట్లుగా విడిపోతుంది. కొంత వెనక్కి జారుతుంది, మిగిలింది కాగితానికి తగలగానే ఒక్కసారిగా కారిపోతుంది. చూసేవాళ్లకి చేయి చేసిన తప్పులా ఉంటుంది.

పూత తీయడానికి అన్నిటికన్నా భద్రమైన దారి గిన్నెలు తోమే సబ్బు ద్రవం, గోరువెచ్చని నీళ్లు. వేళ్ల మధ్య పెట్టి రెండు వైపులా నెమ్మదిగా రుద్ది, కడిగి, వెంటనే పొడిగా తుడవాలి. దానికి లొంగకపోతే తెల్లటి టూత్‌పేస్ట్‌తో మెత్తగా రుద్దండి. స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచినా పోతుంది. కొందరు పచ్చి బంగాళదుంపలో కాసేపు గుచ్చి ఉంచుతారు. అదీ పనిచేస్తుంది, కానీ తీశాక కడగడం మర్చిపోతే దుంప రసంలోని తడి పాళీని తినేస్తుంది.

మంటలో చూపించే పద్ధతి మాత్రం నేను ఎవరికీ చెప్పను. పాళీకి ఆ స్ప్రింగు గుణం వచ్చింది ఉక్కుని వేడి చేసి, చల్లార్చి, మళ్లీ తగినంత వేడి చేసి పదును పెట్టడం వల్లే. ఉక్కు నీలం రంగుకి తిరిగేది సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర. పలచటి మొన ఆ వేడికి చేరడానికి కొన్ని క్షణాలు చాలు. మంటలోంచి తీశాక మొన రంగు మారిందంటే పదును కూడా దెబ్బతిని ఉండొచ్చు. అలాంటి మొన ఒత్తితే విచ్చుకుని మళ్లీ దగ్గరికి రాదు.

పూత పోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. పాళీని నీళ్లలో ముంచి పైకెత్తండి. నీరు ఒక పొరలా సమంగా పరుచుకుంటే సిద్ధం. బొట్లు కట్టిందా, ఇంకోసారి సబ్బు.

పాళీని పిడిలో ఎక్కడ పెట్టాలి? ఊగుతోంది.

మామూలు పిడి చివర చూస్తే బయట ఒక గుండ్రటి అంచు, లోపల నాలుగు చిన్న లోహపు రేకులు కనిపిస్తాయి. పాళీ వెళ్లాల్సింది ఆ అంచుకీ రేకులకీ మధ్య సందులోకి. చాలామంది మధ్య ఖాళీలోకి దూరుస్తారు, అప్పుడు ఊగుతుంది, ముంచినప్పుడు సిరాలో పడిపోతుంది కూడా. దూర్చేటప్పుడు మొన పట్టుకుని నెట్టకండి, పాయలు మెలిపడతాయి. పక్కలు పట్టుకోండి. హంట్ 102 లాంటి గొట్టం ఆకారపు చిన్న పాళీలకి పిడి వేరే ఉంటుంది.

వంపు పిడి తప్పనిసరా?

పలకమొనకి అక్కర్లేదు. సూదిమొనతో వాలు రాత రాసే కుడిచేతి వాటం వాళ్లకి మాత్రం చాలా సాయం చేస్తుంది.

కారణం ఇది. పాయలు రెండూ సమంగా విచ్చుకోవాలంటే చీలిక ఏ దిశలో ఉందో గీత కూడా ఆ దిశలోనే సాగాలి. కాపర్‌ప్లేట్ గీతలు అడుగు గీతకి 55 డిగ్రీల వాలులో, స్పెన్సేరియన్ 52 డిగ్రీల వాలులో ఉంటాయి. నేరు పిడితో కుడిచేత్తో ఆ దిశకి పాళీని తిప్పాలంటే మణికట్టుని బాగా మెలిపెట్టాలి. వంపు పిడికి పక్కన చిన్న ఇత్తడి రేకు ఉండి, పాళీని ముందే ఆ వాలుకి తిప్పి పట్టుకుంటుంది. చేయి సహజంగా ఉంటుంది. పాళీ అమర్చినప్పుడు దాని మొన, పిడి మధ్య గీత సుమారుగా ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకోండి.

నేరు పిడితోనే అందంగా వాలు రాసేవాళ్లూ ఉన్నారు. కాగితాన్ని ఎడమ వైపుకి బాగా తిప్పుకుంటే అదీ కుదురుతుంది.

నాది ఎడమచేతి వాటం. ఇది నాకు కుదురుతుందా?

తప్పకుండా. సూదిమొన వాలు రాతలో మీకే ఒక సౌకర్యం ఉంది. రాసే గీతకి కింది వైపు నుంచి చేయి పెట్టి రాసేవాళ్లయితే, నేరు పిడితోనే పాళీ దాదాపు సరైన వాలులో పడుతుంది, వంపు పిడి కొననక్కర్లేదు. చేతిని గీత పై నుంచి కొక్కెంలా వంచి రాసే అలవాటుంటే తడి సిరా మీద చేయి పడుతుంది. కాగితాన్ని కుడి వైపుకి, అవసరమైతే నిలువుగా దాకా తిప్పి చూడండి. పలకమొనల్లో ఎడమచేతి వాటం కోసం అంచుని ఏటవాలుగా కోసినవి వేరే దొరుకుతాయి.

ఏ సిరా వాడాలి? ఇంట్లో ఉన్న ఫౌంటెన్ పెన్ సిరా సరిపోదా?

రాస్తుంది, కానీ సుఖంగా ఉండదు. ఫౌంటెన్ పెన్ సిరా సన్నటి ఫీడ్‌లోంచి పారడానికి వీలుగా పలచగా చేసింది. ముంచి రాసే పాళీకి పట్టుకునేంత చిక్కదనం దానిలో లేదు. నాలుగు అక్షరాలకే అయిపోతుంది, లేదా మొదటి అక్షరం మీదే బొట్టు పడుతుంది. దాన్నే వాడాలనుకుంటే చిన్న సీసాలోకి కొంచెం తీసుకుని గమ్ అరబిక్ ద్రవం కొన్ని చుక్కలు కలపండి. అది తుమ్మ జాతి చెట్ల బంక. ఒక్కో చుక్క వేసి, కలిపి, రాసి చూసి, అప్పుడు ఇంకో చుక్క. ఎక్కువైతే సిరా జిగటగా మారి పాళీ నుంచి దిగదు.

మొదటి సిరాగా నేను చెప్పేది సుమి. దీపపు మసిని జంతువుల జిగురుతో కట్టి చేసే తూర్పు ఆసియా సిరా ఇది. సీసాలో ద్రవంగా దొరుకుతుంది. నిండైన నలుపు, పాళీని బాగా అంటిపెట్టుకుంటుంది. కొన్ని రకాలు మరీ చిక్కగా ఉంటాయి, నీళ్లు కలుపుకోవాలి. ఎంత అన్నదానికి లెక్క లేదు. పాళీ ముంచి ఎత్తితే చీలిక దగ్గర సిరా పొర నిలవాలి, కాగితానికి తాకించగానే ఆగకుండా దిగాలి.

ఇండియన్ ఇంక్ అని అమ్మేది కూడా మసితో చేసిందే, చాలావాటిలో లక్క కలుస్తుంది. ఆరితే నీటికి చెదరదు, అందుకే పైన రంగులు వేసే బొమ్మలకి బాగుంటుంది. కానీ పాళీ మీద ఆరితే వదిలించడం కష్టం. వాల్‌నట్ సిరా గోధుమ రంగులో మృదువుగా పారుతుంది, కొత్తవాళ్లని ఇబ్బంది పెట్టదు. రంగులు కావాలంటే ట్యూబ్‌లో వచ్చే గ్వాష్ రంగుని నీళ్లతో పాల చిక్కదనానికి తెచ్చుకుని, కుంచెతో పాళీ అడుగున పూసుకుని రాయొచ్చు. ముదురు కాగితం మీద తెల్ల అక్షరాలు రాయడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు దొరకలేదు.

ఐరన్ గాల్ సిరా గురించి చాలా గొప్పగా చెబుతారు. ఏమిటది?

మాచికాయ (ఓక్ చెట్ల మీద పెరిగే కాయ లాంటి గడ్డ) రసం, అన్నభేది అనే ఇనుప లవణం, బంక. ఈ మూడూ నీళ్లలో కలిస్తే ఐరన్ గాల్ సిరా. కొన్ని వందల ఏళ్ల పాటు యూరప్ దస్తావేజులు దీనితోనే రాశారు. రాసేటప్పుడు బూడిద రంగులో వెలిసిపోయినట్టు ఉంటుంది. గాలి తగిలాక అందులోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి కళ్ల ముందే నల్లబడుతుంది. కాగితం నారలోకి దిగిపోతుంది కాబట్టి కడిగితే పోదు. గీత అంచు ఎంత పదునుగా వస్తుందో చూస్తే దీన్ని వదలాలనిపించదు. సన్న గీతలకి దీనికి సాటి లేదు.

అయితే ఇది ఆమ్లం. పాళీని మిగతా సిరాల కన్నా త్వరగా తినేస్తుంది. పాత రోజుల్లో ఎక్కువ గాఢతతో చేసిన సిరా కాగితాన్ని కూడా అక్షరాల వెంబడి తినేసిన దస్తావేజులు ఉన్నాయి. దీనితో రాసేటప్పుడు రెండు మూడు వరసలకి ఒకసారి పాళీని నీళ్లలో ముంచి తుడవడం అలవాటు చేసుకోండి.

ఈ సిరాల్ని ఫౌంటెన్ పెన్నులో పోయొచ్చా?

వద్దు. సుమి, ఇండియన్ ఇంక్, ఆక్రిలిక్, గమ్ అరబిక్ కలిపినది ఏదైనా ఫీడ్‌లో ఆరిపోతే ఆ పెన్నుని బాగుచేయడం దాదాపు అసాధ్యం. సీసా మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోండి.

ఎంత లోతు ముంచాలి?

పాళీ మధ్యలో ఒక రంధ్రం ఉంటుంది. సిరా ఆ రంధ్రాన్ని కాస్త దాటి నిండాలి, పిడి దాకా వెళ్లకూడదు. పిడి లోహంలోకి సిరా దిగితే అక్కడే తుప్పు మొదలవుతుంది. పైకి తీశాక సీసా అంచుకి మెల్లగా తాకించి అదనపు బొట్టు వదిలేయండి, విదిలించకండి. చిత్తు కాగితం మీద ఒక చిన్న గీత గీసి అప్పుడు అసలు కాగితం మీదికి రండి. ఆ ఒక్క గీత ఎన్నో పేజీల్ని కాపాడుతుంది.

పెద్ద సీసాలో నేరుగా ముంచే బదులు వెడల్పు మూతి ఉన్న చిన్న డబ్బాలో కొంచెం పోసుకోండి. దాన్ని బల్లకి అతికించండి, లేదా బరువైన గిన్నెలో నిలబెట్టండి. సిరాబుడ్డి ఒలికితే ఏమవుతుందో ఒలికించి తెలుసుకోనక్కర్లేదు.

అక్షరాల అంచులు పాకి ఈకల్లా అవుతున్నాయి.

కాగితం. తొంభై శాతం కాగితమే, మిగతాది మరీ పలచటి సిరా.

కాగితం తయారీలో నార సిరాని పీల్చకుండా గంజి లాంటి పూత ఇస్తారు. ఆ పూత సరిగా ఉన్న కాగితం మీద సిరా నిలిచి ఆరుతుంది. లేకపోతే నార వెంబడి పాకుతుంది. మందం చూసి మోసపోకండి. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) కాగితం మీద అందంగా నిలిచిన సిరా 200 జీఎస్ఎం డ్రాయింగ్ కాగితం మీద పాకడం నేను స్వయంగా చూశాను. రోడియా, క్లెయిర్‌ఫోంటేన్ కాగితాలు సాధనకి బాగుంటాయి. లేజర్ ప్రింటర్ కోసం చేసిన నున్నటి మందపాటి కాగితాల్లో కూడా చాలా మంచివి దొరుకుతాయి. చూపించే రాతకి, బహుమతికి ఇచ్చే రాతకి నున్నగా ఉండే హాట్ ప్రెస్ వాటర్‌కలర్ కాగితం తీసుకోండి. కోల్డ్ ప్రెస్ గరుకు మీద సూదిమొన చిక్కుకుంటుంది.

ఏ కాగితమైనా కట్టలుగా కొనేముందు ఒక్క షీటు మీద రాసి చూడండి, రెండు వైపులా. కొన్ని కాగితాలు ఒక వైపు నిలుపుతాయి, రెండో వైపు పీల్చేస్తాయి.

పేజీ పైభాగంలో బాగుండి కింది భాగంలోనే సిరా నిలవకపోతే? చేతి జిడ్డు అంటింది. చేయి కింద ఎప్పుడూ ఒక కాగితం ముక్క పెట్టుకుని రాయండి.

పాళీ కాగితాన్ని గీరుతోంది, సిరా చిమ్ముతోంది.

పైకి లాగే గీతలోనా, కిందికి లాగే గీతలోనా చూడండి. పైకి లాగేటప్పుడైతే మీరు ఒత్తుతున్నారు. పైకి వెళ్లే గీతకి పాళీ బరువే చాలు, కాగితం మీద తేలినట్టు వెళ్లాలి. కలాన్ని మరీ నిలువుగా పట్టినా మొన గుచ్చుకుంటుంది, కాస్త వాల్చండి. రెండు దిశల్లోనూ గీరుతుంటే పాళీని వెలుతురుకి ఎదురుగా పెట్టి భూతద్దంతో చూడండి. ఒక పాయ ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉంటే అది వంగిపోయింది, మార్చేయండి. చీలికలో కాగితం పోగు ఇరుక్కున్నా ఇదే పరిస్థితి. గుడ్డతో తుడిచి, కడిగి మళ్లీ ముంచండి.

లావు గీత మధ్యలో ఖాళీ వచ్చి రైలు పట్టాల్లా రెండు గీతలు పడుతున్నాయి.

పాయలు విచ్చుకున్నాయి, మధ్యలో నిండేంత సిరా లేదు. సిరా అయిపోయి ఉండొచ్చు, ముంచండి. నిండుగా ఉండగానే ఇలా అవుతుంటే మరీ వేగంగా లాగుతున్నారు, లేదా పాళీ సత్తాకి మించి ఒత్తుతున్నారు, లేదా సిరా చిక్కబడింది. సిరా డబ్బా మూత తీసి గంట కూర్చుంటే నీరు ఆవిరై చిక్కబడటం మామూలే. ఒకటి రెండు చుక్కల నీళ్లు కలపండి. డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది.

చేయి వణుకుతోంది. గీత తిన్నగా రావడం లేదు.

పిడిని ఎంత గట్టిగా పట్టుకున్నారో ఒకసారి చూసుకోండి. వేలి గోరు తెల్లబడిందంటే పట్టు ఎక్కువైంది. మనం బాల్ పెన్నుతో నొక్కి రాయడానికి అలవాటుపడ్డాం, ఆ అలవాటు ఇక్కడ అడ్డం. వేళ్లతో గీయకుండా ముంజేయి మొత్తం కదిలేలా రాయండి. మోచేయి బల్ల అంచు బయట వేలాడకూడదు, బల్ల మీద ఆనాలి. గీత మొదలుపెట్టినప్పుడు ఊపిరి బిగబట్టడం దాదాపు అందరూ చేస్తారు. నెమ్మదిగా ఊపిరి వదులుతూ గీత లాగి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

కొద్దిపాటి వణుకు మొదటి నెలలో ఉంటుంది. దానికి టెన్షన్ పడొద్దు. సన్న గీతలో చిన్న వణుకు కూడా పెద్దగా కనిపిస్తుంది, బాల్ పెన్ను గీతలో అదే వణుకు కనబడకుండా దాగి ఉండేది.

రోజూ ఎంతసేపు, ఏం రాయాలి?

ఇరవై నిమిషాలు. ఆదివారం మూడు గంటల కన్నా రోజూ ఇరవై నిమిషాలు మేలు. మొదటి వారం అక్షరాల జోలికి పోకండి. కిందికి లావు గీత, పైకి సన్న గీత, కింద వంపు, పైన వంపు, అండాకారం. ఇవే అక్షరాలన్నిటికీ ముడిసరుకు. ముందు పెన్సిల్‌తో గీతలు గీసుకోండి, వాలు గీతలు కూడా. గీతలు లేకుండా రాయడం నేర్పు అనుకోకండి. ఏళ్ల తరబడి రాస్తున్నవాళ్లూ గీసుకునే రాస్తారు.

ప్రతి షీటు మీద తేదీ, పాళీ పేరు, సిరా పేరు, కాగితం పేరు ఒక మూల రాసుకోండి. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఈ అలవాటే. రాత చెడినప్పుడు పాత షీట్లు తిరగేస్తే ఆ రోజు ఏం మారిందో దొరుకుతుంది. ఒకసారి ఒక మార్పే చేయండి. సిరా మారిస్తే పాళీ, కాగితం అలాగే ఉంచండి.

తెలుగు అక్షరాలు ఈ పాళీలతో బాగుంటాయా?

చాలా బాగుంటాయి, కానీ ఇంగ్లిషు నమూనా పట్టుకుని వెళ్తే ఇబ్బంది పడతారు. కాపర్‌ప్లేట్‌లో కిందికి దిగే గీతలు ఎక్కువ, వాటి మీదే లావు వస్తుంది. మన అక్షరాల్లో తిన్నటి నిలువు గీత దాదాపు లేదు, అంతా గుండ్రం. రాసేటప్పుడు పాళీ చాలాసేపు పైకో పక్కకో తిరుగుతూ ఉంటుంది. పదునైన సూదిమొన అలాంటి మలుపుల్లో గుచ్చుకుంటుంది. అందుకే గుండ్రటి పాదం ఉన్న స్పీడ్‌బాల్ బి వరస పాళీలతో మొదలుపెట్టండి. ఏ దిశలో తిప్పినా ఒకే మందం, ఎక్కడా గుచ్చుకోదు. ర, ఠ, గ, ద లాంటివి పెద్దగా రాసి గుండ్రం కుదిరాక పలకమొన పట్టండి. కోణం మార్చకుండా రాస్తే అక్షరంలో లావు, సన్నం ఎక్కడ పడతాయో చూడటమే ఒక ఆనందం. తలకట్టు ఒక్కటి పలకమొనతో గీసి చూడండి. కిందికి దిగేటప్పుడు లావుగా, పైకి లేచేటప్పుడు సన్నగా పడుతుంది.

ఎలా శుభ్రం చేయాలి?

రాయడం ఆపగానే, రేపు కాదు. నీళ్లలో ముంచి కలిపి, గుడ్డతో రెండు వైపులా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. వీలైతే పాళీని పిడి నుంచి తీసి ఆరబెట్టండి, రెండింటి మధ్య చిక్కుకున్న తడి పాళీ మొదలుని తుప్పు పట్టిస్తుంది. నీళ్లలో నానబెట్టి వదిలేయకండి. కర్ర పిడిని అసలు నానబెట్టకండి, ఉబ్బి పగులుతుంది. ఆరిపోయిన సుమి ఉంటే సబ్బు నీళ్లు, పాత టూత్‌బ్రష్. దూది వాడొద్దు, పోగులు చీలికలో ఇరుక్కుంటాయి.

ఒక పాళీ ఎన్నాళ్లు వస్తుంది?

రోజులతో చెప్పలేం. కాగితం గరుకు, సిరా ఆమ్లం, మీ ఒత్తిడి, ఈ మూడూ తేలుస్తాయి. ఒత్తకుండానే గీత లావుగా పడుతున్నా, ఒత్తిడి తీసేశాక పాయలు దగ్గరికి రాకపోయినా, నిన్నటి వరకూ లేని గీరుడు మొదలైనా దాని పని అయిపోయింది. కొత్త పాళీతో పక్కన ఒక గీత గీయండి, అనుమానం తీరిపోతుంది. అరిగిన పాళీతో పోరాడుతూ చెయ్యి పాడుచేసుకోకండి. పాళీ మార్చడం పెన్సిల్ చెక్కడం లాంటిదే.

పాత కాలపు పాళీలు కొనొచ్చా?

కొనొచ్చు, కొన్ని నేటి వాటి కన్నా ఎంతో బాగుంటాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఉక్కు పాళీలకి ప్రపంచ కేంద్రం. జోసెఫ్ జిలాట్, జోసయా మేసన్, జాన్ మిచెల్ పాళీలు చేసింది అక్కడే. జిలాట్ 1831లో తన పాళీకి పేటెంట్ తీసుకున్నాడు. ఆ కర్మాగారాల్లో ఉక్కు రేకుని కోసి, వంచి, చీలిక పెట్టి, మొన సానపట్టే పనివాళ్లలో ఎక్కువమంది మహిళలు. ఆ నగరంలోని జ్యువెలరీ క్వార్టర్‌లో ఒకప్పటి పాళీ కర్మాగారంలోనే ఇప్పుడు పెన్ మ్యూజియం ఉంది. అమెరికాలో ఎస్టర్‌బ్రూక్ కంపెనీ 1858లో మొదలై కామ్డెన్‌లో పాళీలు చేసింది.

ఆనాటి పాళీలు 144 చొప్పున డబ్బాల్లో అమ్మేవారు. ముట్టని డబ్బాలు ఇప్పటికీ దొరుకుతాయి. కొనేటప్పుడు వెలుతురులో మొనలు చూడండి. పైపైన రంగు మారితే ఫర్వాలేదు, మొన దగ్గర గుంటలు పడిన తుప్పు ఉంటే వద్దు. నాకు ఒకసారి పాత డబ్బాలో పైన కొత్తవి, కింద వాడి పడేసినవి కలిపి అమ్మారు. అప్పటి నుంచి అడుగు దాకా ఫొటో చూపించమని అడుగుతాను. కనీసం ఒక ఏడాది రాశాక వీటి జోలికి వెళ్లండి. అప్పటికి మీ చేయి పాళీల మధ్య తేడా చెప్పగలుగుతుంది.

పిల్లలకి ఇవ్వొచ్చా?

పక్కన పెద్దవాళ్లు ఉంటే ఇవ్వొచ్చు. మొన నిజంగానే గుచ్చుకుంటుంది. గుండ్రటి పాదం పాళీ, నీళ్లతో పోయే సిరా ఇచ్చి, పని అయ్యాక పాళీని పిడి నుంచి తీసి దాచండి.

బట్టల మీద, వేళ్ల మీద మరక పడితే?

వేళ్ల మీదిది సబ్బుతో రెండు మూడు రోజుల్లో పోతుంది. బట్ట మీద పడితే రుద్దకండి, పొడి గుడ్డతో అద్ది పీల్చి వెంటనే చల్లటి నీళ్ల కింద పట్టండి. సుమి, ఇండియన్ ఇంక్ ఆరాక బట్టని వదలవు. ఐరన్ గాల్ నల్లబడ్డాక కూడా అంతే. ఒక పాత చొక్కాని రాత కోసమే కేటాయించుకోండి. దాని చేతి అంచునే పాళీ తుడవడానికి వాడేవాళ్లలో నేనూ ఒకణ్ణి, నూలు చొక్కా అయితే పోగులు కూడా రాలవు.